నీటిపైకెక్కిన నావ

(ప్రసంగ పాఠము)

చిత్తూరు జిల్లాలో మా వెంకటగిరికోట ప్రాంతం మెట్టసీమ. ఇక్కడ నీరంటే చెరువు నీరు, ఏరంటే ఇసుక. నంది కొండల సీమలో పుట్టి, కన్నడదేశం దాటి, కుప్పం పరిసరాల మీదుగా తమిళదేశానికి పోయే పాలారులో సంవత్సరానికి పెక్కు నెలలు కాగితపు పడవ కూడ తేలదు. అటువంటి చోటివాడు మోటారు పడవల చరిత్ర చెప్పబూనడం విన్నవారికి నవ్వు తెప్పించవచ్చు. అయినా ఆ విద్యలోని మొదటి పాఠం మా చెరువుగట్టు మీదనే ఉన్నది.

చెరువు నిండిననాడు పిల్లలు గట్టున నిలిచి చిల్లపెంకులు విసురుతారు. పెంకును నిలువుగా వేస్తే బుడుంగున మునుగుతుంది. పడుకోబెట్టి, గిరగిర తిరిగేటట్లు, నీటికి కొంచెం ఏటవాలుగా, బలంగా విసిరితే అది మునగదు. కప్పదాట్లు వేసికొంటూ అవతలి ఒడ్డు వైపు సాగిపోతుంది. పెంకు నీటికంటె బరువైనది. తేలే గుణం దానికి లేదు. దానిని నిలబెట్టినవి రెండే: వేగము, కోణము. వేగం తగ్గిన క్షణాన అది తన సహజ ధర్మాన్ని పాటించి అడుగుకు పోతుంది. 2004లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు యంత్రంతో బిళ్ళలు విసిరి చూచి, అటువంటి బిళ్ళ నీటిని తాకవలసిన ఉత్తమమైన కోణం సుమారు 20 డిగ్రీలని తేల్చినారు. మా పిల్లలకు డిగ్రీలు తెలియవు గాని, చేతికి తెలుసు.

ఇక పడవ మాట. సాధారణమైన పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తొలగించి తేలుతుంది. ముందుకు కదలినప్పుడు ముక్కు దగ్గర ఒక అలను లేపుతుంది, వెనుక మరొక అలను లేపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఈ రెండు అలల నడుమ దూరం పెరిగి, చివరకు పడవ పొడవుకు సమానమవుతుంది. అప్పుడు పడవ తాను త్రవ్వుకొన్న గోతిలో తానే చిక్కుకొన్నట్లవుతుంది. ఎదుట తన అలయే గట్టువలె నిలుస్తుంది. ఓడల లెక్కలు కట్టేవారు దీనికొక మోటు సూత్రం చెప్పుతారు: పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చేది నాట్లలో దాని హద్దు. 36 అడుగుల పడవకు హద్దు సుమారు 8 నాట్లు. అంతకు మించి పోవాలంటే ఇంజను బలం రెట్టింపు చేసినా ఫలితం స్వల్పం. వేల సంవత్సరాలుగా తెడ్డు వేసినవారు, తెరచాప ఎత్తినవారు, ఆవిరి పెట్టినవారు ఈ గోతిలోనే ప్రయాణం చేసినారు.

ఈ గోతిని దాటవచ్చునని మానవునికి మొదట చెప్పినది ఒక బెదిరిన గుర్రం. స్కాట్లండులో గ్లాస్గో పట్టణం నుండి పోయే కాలువలో పడవలను గట్టు మీది గుర్రాలు లాగేవి. 1830 ప్రాంతాన ఒకనాడు హూస్టన్ అనే కాలువ యజమాని పడవను లాగుతున్న గుర్రం బెదిరి పరుగెత్తినది. పడవ లేపే అల గట్టును మరింత కోసివేస్తుందని ఆయన భయపడి ఉండాలి. జరిగినది వేరు. వేగం ఒక మేర దాటగానే అల అణగిపోయినది, నీరు నున్ననైనది, గుర్రానికి బరువు తగ్గినది. పడవ తన అల మీదికి తానే ఎక్కి కూర్చున్నది! ఆ యజమాని తెలివిగలవాడు. ఆ కాలువ మీద తేలికైన పడవలు చేయించి, గంటకు 8, 9 మైళ్ల వేగంతో ప్రయాణికులను నడిపించినాడు.

ఈ వింతను పరిశోధించడానికి వచ్చినవాడే జాన్ స్కాట్ రస్సెల్. 1834 ఆగస్టులో ఎడింబరో దగ్గర కాలువలో ఒక పడవ హఠాత్తుగా ఆగగా, దాని ముందున్న నీటి గుట్ట మాత్రం ఆగక ఒంటరిగా సాగిపోయినది. రస్సెల్ గుర్రమెక్కి దాని వెంటబడినాడు. ముప్పది అడుగుల పొడవు, అడుగు నుండి అడుగున్నర ఎత్తు గల ఆ ఒంటరి అల గంటకు 8, 9 మైళ్ల వేగంతో ఒకటి రెండు మైళ్లు పోయి, కాలువ మలుపులలో కనుమరుగైనది. నిస్సారమైన కాలువలో అల మీదికెక్కడము, విశాలమైన జలాలలో నీటిపై జారడము అచ్చముగా ఒకటే కాదు. కాని రెండూ దగ్గరి చుట్టాలు. కొంత మేరకు వేగం పెంచితే కష్టం పెరుగుతుంది. ఆ మేర దాటితే కష్టం తగ్గుతుంది. రెండింటి సారమూ ఇదే.

మన కాలువల సంగతి కూడ ఇక్కడ తలచుకొనవలె. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత ఆర్థర్ కాటన్ దృష్టిలో గోదావరి కాలువలు పొలాలకు నీరిచ్చేవి మాత్రమే కావు, పడవలు నడిచే రాజమార్గాలు కూడ. అందుకే వాటికి లాకులు కట్టినారు. దక్షిణాన పెదగంజాం నుండి చెన్నపట్నం దాటిపోయే బకింగ్‌హాం కాలువలో, చెన్నపట్నంలోని అడయారును కూవంతో కలిపే భాగాన్ని 1877–78 కరవు రోజులలో త్రవ్వినారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు నిలిచినది. ఆ కరవు మా సీమను కూడ, అంటే నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాను, పీడించినదే. ఈ కాలువలలో ఉప్పు, ధాన్యం, కలప మోసిన పడవలను గాలి లేనినాడు గుర్రాలు కాదు, మనుష్యులు భుజాన తాడు వేసికొని లాగినారు. మనిషి నడక ఎంతో పడవ వేగం అంతే. అల మీదికి ఎక్కడానికి కావలసినది బలం. ఆ బలం ఆకలిగొన్న మనిషి భుజంలో ఎక్కడినుండి వస్తుంది?

బలం లేకుండా భావం మాత్రమే ఉంటే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఉన్నది. ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు ప్లేడెన్ అనే గ్రామంలో చార్లెస్ మీడ్ రామస్ అనే మతగురువు ఉండేవాడు. ఓడ అడుగును గుండ్రముగా గాక, ఒకదాని వెనుక ఒకటిగా రెండు ఏటవాలు పలకలతో, మధ్య ఒక మెట్టుతో నిర్మిస్తే, వేగంగా పోయేటప్పుడు నీరే దానిని పైకెత్తుతుందని 1872లో ఆయన నౌకాశాఖవారికి వ్రాసినాడు. వారు ఆ ఊహను విలియం ఫ్రూడ్‌కు పంపినారు. ఫ్రూడ్ సామాన్యుడు కాడు. టార్కీలో తన ఇంటి ప్రక్కన 278 అడుగుల పొడవైన నీటి తొట్టి కట్టి, చిన్న నమూనాలను లాగి పెద్ద ఓడల నిరోధాన్ని లెక్కించే శాస్త్రానికి పునాది వేసినవాడు. ఆయన రామస్ నమూనాలను లాగి చూచి ఇచ్చిన తీర్పు కఠినమైనది. ఆవిరియంత్రాలు ఇవ్వగల వేగంలో ఈ ఓడకు సాధారణపు ఓడకంటె నిరోధం ఎక్కువే గాని తక్కువ కాదు. నీటిపైకి లేవగల వేగం కావాలంటే అంత ఇంజను బరువును ఆ ఓడ మోయలేదు.

ఈ తగవులో ఎవరిది గెలుపు? నాటికి ఫ్రూడ్‌ది. ఆయన లెక్కలో తప్పు లేదు. రామస్ ఊహలోనూ తప్పు లేదు. తప్పు కాలానిది. మతగురువు అడిగినది నలుబది సంవత్సరాల తరువాత రాబోయే ఇంజనును. నిపుణుడు కాదన్న ప్రతి ఊహా వెర్రిది కాదనీ, నిజమైన ప్రతి ఊహా వెంటనే పనికిరాదనీ ఈ కథ చెప్పుతుంది.

1886లో జర్మనీలో డైమ్లరు, మైబాఖు నెకార్ నది మీద పెట్రోలు ఇంజనుతో పడవ నడిపి చూపినారు. 1897లో పార్సన్స్ ఆవిరి టర్బైనుతో, 'టర్బినియా' అనే నావను విక్టోరియా రాణి ఉత్సవపు నౌకల వరుసల మధ్య 34 నాట్ల వేగంతో పరుగెత్తించినాడు. కాని అది నీటిపైకెక్కిన నావ కాదు. నూరడుగులకు మించిన పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు గల సూదివంటి నావ. గోతిని దాటలేదు, చీల్చుకొని పోయినది. రామస్ కోరిక తీర్చినవాడు జాన్ థార్నీక్రాఫ్ట్. 1910లో ఆయన కట్టిన 'మిరాండా 4' పొడవు 26 అడుగులే. అడుగున ఒక మెట్టు. వేగం 35 నాట్లు. పై సూత్రం ప్రకారం దాని హద్దు ఏడు నాట్లు కూడ లేదు!

ఆరు సంవత్సరాలకే ఈ విద్య యుద్ధానికి అక్కరకు వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ క్రూజరుపై వ్రేలాడదీసి మోయగలిగినంత, అంటే నాలుగుంపావు టన్నులకు మించని బరువుతో, 40 అడుగుల టార్పెడో పడవలను 1916లో థార్నీక్రాఫ్ట్ సంస్థ నిర్మించినది. అవి 30 నాట్లకు మించి పరుగెత్తేవి. పడవ వెనుకనుండి టార్పెడోను నీటిలోకి జారవిడిచి, అది తన వెనుకనే వస్తుండగా పడవ చప్పున పక్కకు తప్పుకొనవలె. 1919 జూన్ 17న అగస్టస్ ఏగర్ అనే యువ అధికారి ఇటువంటి ఒక్క పడవతో క్రోన్‌స్టాట్ రేవు దగ్గర 'ఒలేగ్' అనే రష్యా క్రూజరును ముంచినాడు. ఏనుగు కుంభస్థలాన్ని చీమ కొట్టినట్లయినది.

వేగం చిక్కినది, కోణం మిగిలినది. పడవ నిలుకడ నుండి బయలుదేరి నీటిపైకెక్కే మధ్యకాలం గడ్డుకాలం. వెనుకకొన నీటిలోకి దిగబడుతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది, నడిపేవానికి ఎదుటి దారి కనబడదు, ఇంజను రొప్పుతుంది. నావికులు దీనిని మూపురం దాటడమంటారు. ఎద్దు మూపురంవలె నిరోధం ఇక్కడ ఎత్తుకు లేచి, దాటిన తరువాత దిగుతుంది. బరువు ఎక్కువైన పడవ మూపురం దాటలేక, ముక్కెత్తుకొని, నూనె తాగుతూ, పెద్ద పెద్ద అలలు లేపుతూ ఉండిపోతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినవి రెండు సాధనాలు. మొదటిది ట్రిమ్ ట్యాబులు. పడవ వెనుక పలక అడుగు అంచున, కుడియెడమల, తలుపు రెక్కలవలె అమర్చిన రెండు లోహపు పలకలివి. మీట నొక్కితే కిందికి వంగుతాయి. వంగిన పలకను నీరు పైకి తోస్తుంది, వెనుకకొన లేస్తుంది, కనుక ముక్కు దిగుతుంది. రెండవది డ్రైవ్ ట్రిమ్. ప్రొపెల్లరు ఉన్న కాలును పడవవైపు లోనికి ముడిస్తే దాని తోపు వెనుకకొనను ఎత్తి ముక్కును దించుతుంది. వెలుపలికి చాపితే ముక్కును ఎత్తుతుంది. ఇంజను లోపల, ప్రొపెల్లరు కాలు బయట ఉండే అమరికను అమెరికనైన జిమ్ విన్ ఊహ ఆధారంగా స్వీడనుకు చెందిన వోల్వో పెంటా సంస్థ 1959లో 'ఆక్వామాటిక్' అనే పేరుతో విపణికి తెచ్చినది. మరుసటి సంవత్సరమే రే హంట్ రూపకల్పన చేసిన లోతైన 'వి' ఆకారపు అడుగు గల 'మాపీ' అనే పడవ మయామీ నుండి నసావుకు జరిగిన సముద్రపు పందెంలో గెలిచి, గరుకు నీటిలో కూడ వేగం సాధ్యమని నిరూపించినది. 1964లో డేనియల్ సవిట్‌స్కీ ఇటువంటి పడవల ఎత్తును, కోణాన్ని, నిరోధాన్ని ముందుగానే లెక్కించే పద్ధతిని ప్రకటించినాడు. రామస్ ఊహకు తొంబది రెండు సంవత్సరాల తరువాత లెక్క కుదిరినది.

ఇప్పుడు నడిపేవాని పక్కన కూర్చుని చూతము. బయలుదేరేముందు డ్రైవును పూర్తిగా లోనికి ముడుస్తాడు. ట్యాబులను కిందికి దించుతాడు. ఇంజనుకు బలమిస్తాడు. ముక్కు కొద్దిగా లేచి, త్వరలోనే దిగి, పడవ మూపురం దాటుతుంది. దాటినట్లు గుర్తేమనగా, వెనుక నీరు పలకనుండి శుభ్రంగా విడిపోతుంది. అదే ఇంజను బలానికి వేగం పెరుగుతుంది. అప్పుడు ట్యాబులను పైకి తీస్తాడు. తీయకుంటే ముక్కు నీటిని దున్నుతూ, చుక్కాని మాట వినకుండా పక్కకు లాగుతుంది. తరువాత డ్రైవును కొంచెం కొంచెంగా వెలుపలికి చాపుతాడు. ముక్కు తేలికవుతుంది, తడిసే అడుగుభాగం తగ్గుతుంది, ఇంజను తిరుగుళ్లు పెరుగుతాయి. ఉత్తమమైన వాలు సుమారు 3 నుండి 5 డిగ్రీలు. అత్యాశతో ఇంకా చాపితే ముక్కు లేస్తూ పడుతూ, పడవ తుళ్లిపడడం మొదలవుతుంది. ప్రొపెల్లరు గాలి పీల్చి ఊరక తిరుగుతుంది. అప్పుడు ఒక మెట్టు వెనుకకు రావడమే విద్య. మనుష్యులు ఒక పక్క కూర్చుంటే వాలిన పక్క ట్యాబును కొద్దిగా దించి సరిచేస్తాడు. ఎదురు అలలలో ముక్కును దించుతాడు. వెనుకనుండి అలలు తరిమేటప్పుడు ఎత్తి ఉంచుతాడు.

కోణం హద్దు మీరితే ఏమవుతుందో లోకం 1967 జనవరి 4న చూచినది. ఇంగ్లండులో కానిస్టన్ సరస్సు మీద డొనాల్డ్ క్యాంబెల్ తన 'బ్లూబర్డ్' పడవను గంటకు 300 మైళ్లకు పైగా నడుపుతుండగా ముక్కు లేచినది. దాని కిందికి గాలి దూరినది. నీటిపై జారే నావ ఒక్క క్షణం విమానమై, పల్టీకొట్టి ముక్కలైనది. అంతకు పన్నెండేళ్ల ముందు అదే పడవతో 200 మైళ్ల హద్దును దాటినవాడాయన. ఆయన దేహం 2001లో గాని దొరకలేదు. నీటిపైకెక్కిన నావకు గాలి కూడ శత్రువే.

ఫ్రూడ్ తొట్టికి వారసుడు మన విశాఖపట్నంలో ఉన్నది. 1941లో రాజేంద్రప్రసాదుగారు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిన పట్నమది. 1948లో స్వతంత్ర భారతపు తొలి నౌక 'జలఉష'ను నెహ్రూగారు సముద్రంలోకి విడిచిన పట్నమది. 1969లో స్థాపితమైన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల తొట్టి ఉన్నది. దానిపై పట్టాల బండి సెకండుకు 20 మీటర్ల వేగం వరకు నమూనాలను లాగగలదు. పదహారవ వంతు నమూనాను అసలు వేగంలో నాలుగవ వంతుతో లాగితే చాలునని చెప్పినది ఫ్రూడ్ సూత్రమే. కాదన్న వాని విద్యే ఈనాడు ఔనన్న నావలను తీర్చిదిద్దుతున్నది.

ఇది పందెగాళ్ల సరదా, సైనికుల అవసరం మాత్రమేనా? 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలైన పేటలను ముంచినప్పుడు, మేడల మీద చిక్కిన జనాన్ని తెచ్చినవి రబ్బరు పడవలు. ఆ పడవలకు ట్రిమ్ ట్యాబులు లేవు. వెనుక తగిలించిన ఇంజనుకు కోణం మార్చే చీల ఒకటి ఉంటుంది. అంతకుమించి ట్యాబు ఏదంటే ఎక్కిన మనిషే. ముసలివారు, పిల్లలు భయంతో ఇంజనువైపే గుమిగూడితే వెనుకకొన దిగి, ముక్కు లేచి, నడిపేవానికి ఎదుట మునిగిన గోడ, తెగిన తీగ కనబడవు. కొందరిని ముందుకు జరిపితే పడవ చదునవుతుంది. 'ముందుకు జరగండమ్మా' అన్న ఆ కేకలో నూరేళ్ల శాస్త్రం ఇమిడి ఉన్నది.

మరొక మాట. పెద్ద అల లేపేది మెల్లగా పోయే పడవ కాదు, నీటిపైకి ఎక్కిన పడవ కూడ కాదు. మూపురం మీద చిక్కిన పడవ. వీధులలో నిలిచిన వరదనీటిలో ఆ అల నానిన మట్టిగోడను కూలుస్తుంది, గుమ్మంలో నిలిచిన వానిని పడవేస్తుంది, కాలువలో గట్టును కోస్తుంది. కనుక వీధిలో మనిషి నడకంత మెల్లగా పోవలె; విశాలమైన నీటికి చేరినాక మూపురం దాటి పోవలె. నడుమ తారట్లాడరాదు. కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలను, గోదావరి కృష్ణల భాగాలను కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినారు. ఆ నీటిమీద మరల పడవలు బారులు తీరే నాడు గట్లను కాపాడేది ఈ చిన్న నియమమే.

వానలు కురిసి చెరువు నిండితే వెంకటగిరికోట పిల్లలు మరల గట్టున చేరుతారు. ఒకడు పెంకును నిలువుగా విసిరి ముంచుతాడు. ప్రక్కవాడు నవ్వి, నడుము వంచి, మణికట్టు తిప్పి విసురుతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... చివరి దాటు దగ్గర పెంకు వేగం ఉడిగి నీటిలోకి ఒదిగిపోతుంది. పెంకుకు ఇంజను లేదు; పడవకు ఉన్నది. ఇంజను ఉన్నంత మాత్రాన చాలదు, ముక్కు ఎప్పుడు దించవలెనో ఎప్పుడు ఎత్తవలెనో తెలిసిన చేయి కావలె.